రసాల తోటల మీద లేచిన ఊరు

మామిడిపండును చెక్కు తీసి, చదరపు ముక్కలు కోసి, గాజు గిన్నెలో పోసి, ఫోర్కు గుచ్చి అందించే ఇళ్ళకు వేసవిలో వెళ్ళాలంటే నాకు మనసొప్పదు. మర్యాద కోసం రెండు ముక్కలు నోట్లో వేసుకుంటాను గానీ పండు తిన్నట్టే ఉండదు. పండంటే రసం. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, తొందరపడకుండా చుట్టూ నొక్కి, లోపలి గుజ్జంతా మెత్తబడ్డాక ముచ్చిక దగ్గర పంటితో చిన్న కన్నం చేసి, మొదటి చుక్క సొన అవతల పిండేసి, అప్పుడు నోటికి పెట్టుకోవాలి. మోచేతి దాకా కారాలి. టెంకను పీచు తెల్లగా తేలేదాకా చప్పరించాలి. ఇది చదువుతున్న మీలో చాలామందికి ఈ విద్య నేను నేర్పాల్సిన పని లేదు. వేసవి సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్ళిన రోజుల్లోనే మీకు అబ్బి ఉంటుంది.

అలాంటి పండు కోసం ఈమధ్య ఒక మే నెలలో సత్తుపల్లి మెయిన్ రోడ్డు మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచాను. ఏ బండి చూసినా బంగినపల్లే. ఒకచోట మాత్రం కలెక్టర్ కాయలు కోసి, ఉప్పూ కారం చల్లి పిల్లలకి అమ్ముతున్నారు. చెరుకురసాలు ఉన్నాయా అని ఒకామెను అడిగితే, "ఇప్పుడు రసాలెవరు తెస్తన్నారయ్యా, తోలు పల్చన, పొద్దున పెడితే సాయంత్రానికి మెత్తబడి పోతయ్యి" అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు, అందుకే మరీ కష్టమనిపించింది. హైదరాబాదులో దొరకలేదంటే సర్దుకుంటాను. తోటల్ని నమ్ముకుని బతికిన ఊళ్ళో, తోటలు కొట్టి వేసిన వీధుల్లో నిలబడి, రసం దొరకదని వినడం నాకు మింగుడు పడలేదు.

సత్తుపల్లి ఖమ్మం జిల్లాకు తూర్పు అంచున ఉంటుంది. ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, కల్లూరు, పెనుబల్లి దాటాక వచ్చే పట్నం. ఇంకాస్త ముందుకు పోతే అశ్వారావుపేట, ఆ తరవాత ఆంధ్ర. దక్షిణాన చింతలపూడి. ఉత్తరాన కొత్తగూడెం దాకా, అక్కణ్ణుంచి భద్రాచలం గోదావరి దాకా అడవే. నిజాం రోజుల్లో ఇటు హైదరాబాదు సంస్థానం, అటు ఇంగ్లీషువాళ్ళ మద్రాసు రాజ్యం. భద్రాచలం కూడా అప్పుడు అటువైపుదే, 1959లో గానీ ఖమ్మం జిల్లాలో కలవలేదు. ఇలా రెండు రాజ్యాల మధ్యా, అడవికీ చేనుకీ మధ్యా ఉన్న నేల కాబట్టి అన్ని వైపుల నుంచీ జనం వచ్చారు. కృష్ణా జిల్లా మాటా, తెలంగాణ మాటా ఒకే నోట కలిసి వినబడేది ఇక్కడే.

మా మేనమామగారి తోట వేంసూరు పోయే దారిలో ఉండేది. ఆయన తండ్రి నూజివీడు వైపు నుంచి వచ్చి, చవగ్గా దొరికిన ఎర్రచెలక కొని, ఎడ్లబండిలో గడ్డి పరిచి అంటుమొక్కలు తెచ్చుకున్నాడని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. ముప్పై మూడు అడుగులకో గుంట, ఎకరానికి నలభై చెట్లు. మొదటి ఏళ్ళలో చెట్ల మధ్య కందీ, నువ్వులూ, వేరుశనగా. లేత చెట్టు పూత పూస్తే తుంచేసేవారు, కాండం బలపడేదాకా కాపు పట్టనివ్వకూడదని. అంత అవసరంలో ఉన్న మనిషి కూడా చేతికొచ్చిన పూత తుంచుకుని ఊరుకునేవాడంటే ఆ తరం ఓపిక ఎలాంటిదో చూడండి. అమ్మకానికి బంగినపల్లి. బావి చుట్టూ మాత్రం ఇంటి కోసం వేరే చెట్లు: రెండు చెరుకురసాలు, ఒక పెద్దరసం, చిన్నరసాలు, ముందుగా పండే సువర్ణరేఖ ఒకటి, ఆవకాయకని నాటుచెట్టు ఒకటి. ఆ బావి చెట్ల కాయ ఒక్కటి కూడా బేరంలోకి వచ్చేది కాదు. గుత్తదారుకి మొదటే చెప్పేవారు.

సంక్రాంతి వెళ్ళగానే గుత్తదారులు దిగేవాళ్ళు. తోటంతా ఒకసారి తిరిగి, పూత చూసి, పిందె నిలిచేదెంతో మనసులో లెక్క వేసుకుని, గట్టు మీద కూచుని బేరం మొదలుపెట్టేవాళ్ళు. పూత మీద బేరమంటే ఇద్దరికీ గుండె దిటవు ఉండాలి. మంచు ఎక్కువైతే పూత మాడుతుంది. తేనెమంచు పురుగు పడితే ఆకుల మీద జిగురు కారి మసి పడుతుంది. అన్నీ దాటి కాయ నిలిచాక ఏప్రిల్లో ఒక్క గాలిదుమారం వస్తే తెల్లారేసరికి సగం నేల మీద ఉంటుంది. ఆ రాలిన కాయలు మాత్రం కావలివాళ్ళవి, ఏరుకునే పిల్లలవి. ఆ హక్కు మీద గుత్తదారు కూడా నోరెత్తేవాడు కాదు.

కోత నాడు నేను చిక్కం పట్టుకున్న మనిషి వెనకే తిరిగేవాణ్ణి. పొడుగాటి వెదురుగెడ, దాని చివర ఇనుప చట్రం, చట్రానికి చిన్న కత్తి, కింద నూలుతాడు వల. కాయ వలలోకి దిగిందని చేతికి తెలియాలి, అప్పుడు తొడిమ కత్తికి తగిలేట్టు చిన్న గుంజు గుంజాలి. రెండంగుళాల తొడిమ మిగలాలి. ముచ్చిక దగ్గరే విరిగితే సొన చిమ్మి కాయ ఒంటి మీద చారలు పడతాయి, మాగేటప్పుడు ఆ చార దగ్గరే నలుపు తేలుతుంది. కోసిన కాయల్ని ఆకుల మీద బోర్లించి సొన కారనిచ్చేవాళ్ళు. ఇంటి వాటా గడ్డిలో పెట్టడం మా అత్తయ్య పని. ధాన్యపు గదిలో వరిగడ్డి పరిచి, ఒక వరస కాయ, ఒక వరస గడ్డి. కాయను ఒత్తి చూస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. "ముక్కుతో చూడండ్రా, వేలుతో కాదు" అనేది. తలుపు తీయగానే ఏ మూల పండిందో వాసన పట్టి చెప్పేది. చెరుకురసం వాసన వేరు, పెద్దరసం వాసన వేరు. కార్బైడ్ పెట్టి రాత్రికి రాత్రి పసుపు రంగు తెప్పించిన కాయకి ఏ వాసనా ఉండదు. ఇది నా ఒక్కడి గోల కాదు, పండు తిన్నవాళ్ళెవరైనా చెప్పే మాట.

ఊరు పెరగడం మీద నాకేమీ కోపం లేదు. పెరగాల్సిన ఊరే. వేంసూరు నియోజకవర్గం నుంచి గెలిచిన జలగం వెంగళరావు 1973 డిసెంబరు నుంచి 1978 మార్చి దాకా ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఈ వైపు రోడ్లూ, బళ్ళూ చూసినవాళ్ళు ఆయన్ని ఇంకా తలుచుకుంటారు. సత్తుపల్లి డిగ్రీ కాలేజీకి ఆయన పేరే. సింగరేణి ఇక్కడ తెరిచిన ఓపెన్‌కాస్టు గనికీ ఆయన పేరే. గంగారంలో ప్రత్యేక పోలీసు బెటాలియన్ వచ్చింది. బొగ్గుతో జీతాలొచ్చాయి, జీతాలతో అద్దె ఇళ్ళూ, అద్దె ఇళ్ళతో వీధులూ వచ్చాయి. గనిలో పేలుళ్ళకి గోడలు బీటలిచ్చిన కాలనీలూ ఉన్నాయి. బొగ్గు లారీల దుమ్ము ఏళ్ళ తరబడి తిన్న జనం వీళ్ళు. భద్రాచలం రోడ్ స్టేషన్ నుంచి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల రైలు లైను వేసి 2022 నవంబరు 12న ప్రధాని జాతికి అంకితం చేశారు. బొగ్గుకి రైలొచ్చింది. మనుషులెక్కే రైలు కోసం, లైను కొవ్వూరు దాకా సాగడం కోసం జనం అడుగుతూనే ఉన్నారు. అడగాలి కూడా. ఖమ్మం నుంచి దేవరపల్లికి 162 కిలోమీటర్ల కొత్త రహదారి వేయడం మొదలయ్యాక దారి పొడుగునా భూమి ధర గజాల్లో చెప్పుకోవడం పట్టుకుంది. ఎకరాల్లో మాట్లాడే రైతుకి గజాల్లో ధర చెబితే కళ్ళు తిరుగుతాయి. అమ్మాడు. అమ్మినవాణ్ణి నేనెందుకు అనాలి? పిల్ల పెళ్ళి, కొడుకు చదువు, ఆసుపత్రి ఖర్చు, వీటిల్లో ఏది ఆగమంటే ఆగేది?

నా కోపమంతా ఒకే ఒక్క చోట ఉంది. మా మేనమామ పిల్లలు తోట అమ్మేటప్పుడు, కొన్న వెంచరువాళ్ళు బావి చుట్టూ ఉన్న చెట్లు ఉంచుతామన్నారు. ఆ జాగా పార్కుకి వదులుతాం, చెట్లు అందులోనే ఉంటాయి, పది మందీ నీడన కూచుంటారు అన్నారు. కాగితం మీద పచ్చరంగు పులిమిన చోటు కూడా చూపించారు. బ్రోషరు మీద మామిడి గుత్తుల బొమ్మ వేశారు. వెంచరు పేరులో తోట అన్న మాట పెట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ అయిన వారానికి జేసీబీ వచ్చింది. బావి పూడ్చింది. అరవై ఏళ్ళ చెరుకురసాన్ని మధ్యాహ్నం భోజనం వేళ పెకలించారు. వేళ్ళు పైకి తేలిన ఆ చెట్టు దుంగలు ఏ ఇటుకబట్టీకి పోయాయో మాకు తెలియదు. పార్కు అన్న చోట ఇప్పుడు హద్దురాళ్ళూ, సర్కారు తుమ్మా ఉన్నాయి. చెట్టు కొట్టక తప్పనిచోట కొట్టారంటే మాట్లాడను. ఉంచుతామని చెప్పి, ఆ మాట మీద ధర తగ్గించుకుని, ఆ తరవాత కొట్టారు. అది మోసం. ఎన్నేళ్ళు గడిచినా నా నోట వేరే మాట రాదు.

ప్లాట్లు పడని చోట పామాయిల్ పడింది. దమ్మపేట, అశ్వారావుపేట మండలాల్లో చాలా ఊళ్ళు ఏజెన్సీవి. 1/70 చట్టం ఉన్నచోట గిరిజనేతరులకు భూమి రాసివ్వడం చెల్లదు కాబట్టి వెంచర్లు అంత తేలిగ్గా సాగవు. కానీ అశ్వారావుపేటలోనూ అప్పారావుపేటలోనూ ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలున్నాయి. ఎకరానికి 57 మొక్కలు, నాలుగో ఏట నుంచి గెలలు, నెల నెలా డబ్బు. గెల కోసిన రోజే ఫ్యాక్టరీకి చేరిస్తే చాలు, ధర ప్రభుత్వం చెబుతుంది. మామిడికి ఏడాదికి ఒక్క పంట, అదీ ఈ ఏడు కాస్తే పై ఏడు నమ్మకం లేదు. పైగా కోతులు. అడవిలో తినడానికి లేక తోటల మీద పడ్డ కోతుల మంద ఒక్క పూటలో చేసే నష్టం చూసినవాడికి, రైతు మామిడి ఎందుకు తీసేశాడో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంత తెలిసీ, ఆ పామాయిల్ తోటల మధ్య నుంచి పోతుంటే నాకు ఊపిరాడదు. ఏ చెట్టు చూసినా ఒకటే. మామిడితోటలో ఏ చెట్టుకా చెట్టు వేరు, పేరు పెట్టి పిలవచ్చు.

అడవిలో మామిడిని ఇంకోలా చూస్తారు. అశ్వారావుపేట, దమ్మపేట అడవుల్లో కొండరెడ్లున్నారు, కోయలున్నారు. వాళ్ళు మామిడి కొత్త పండుగ చేసుకోకుండా కొత్త కాయ నోట పెట్టరు. ముందు దేవతకి, ఆ తరవాతే మనిషికి. పిందె గట్టిపడక ముందే దులిపేసుకోకుండా ఆ కట్టుబాటు చెట్టునీ కాపాడింది, మనుషుల్నీ కాపాడింది. కొండరెడ్లు టెంక కూడా పారేయరు. లోపలి జీడిని ఎండబెట్టి, దంచి, నీళ్ళలో నానబెట్టి వగరు పోగొట్టి, వానాకాలంలో గింజలు అయిపోయినప్పుడు అంబలి కాచుకుంటారు. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు నిజాం రోజుల్లో ఈ కొండల్లో వాళ్ళ మధ్య ఉండి రాసిన 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' 1945లో అచ్చయింది. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు తప్పక చదవాల్సిన పుస్తకం. మన పక్క కొండ మీద మనుషులు ఎలా బతికారో అంత దగ్గరగా చూసి రాసినవాళ్ళు తెలుగులో కూడా తక్కువే. అది తెలుగులోకి రావాలని, ఖమ్మం, కొత్తగూడెం కాలేజీల్లో పాఠంగా పెట్టాలని నేను ఎప్పటి నుంచో కనబడ్డ ప్రతి లెక్చరరుకీ చెబుతున్నాను. కొండరెడ్ల పిల్లలు ఇప్పుడు హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నారు. తమ తాతల సంగతి వాళ్ళ చేతికే అందాలి.

బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రావాల్సిందే, దాని దారి అది చూసుకుంటుంది. లారీ ఎక్కి ఢిల్లీ దాకా పోగల పండు. రసం అంత దూరం తట్టుకోలేదు. పెరట్లో కాసి, పెరటివాళ్ళు తిని, పొరుగింటికి పంచాల్సిన పండు. ఎగుమతి పెద్దగా లేదు కాబట్టి అంటు కట్టేవాళ్ళు తక్కువ, అంట్లు తక్కువ కాబట్టి నాటేవాళ్ళూ తక్కువ. ఇలాగే వదిలేస్తే మన కళ్ళ ముందే పోతుంది. సత్తుపల్లి నీలాద్రి పార్కులోనూ, లేఅవుట్ల ఖాళీ జాగాల్లోనూ, కాలేజీ ఆవరణల్లోనూ నాలుగేసి రసం మొక్కలు పెట్టించవచ్చు. నూజివీడు నర్సరీలు ఎంతో దూరం లేవు. తొలకరి పడ్డాక జూన్, జులైల్లో నాటితే నాలుగయిదేళ్ళకి కాయ చూడొచ్చు. రూపాయి రాని పని అని పక్కన పెట్టకండి. వీధిలో పిల్లలు రాలిన కాయ ఏరుకునే హక్కు మళ్ళీ వాళ్ళకి వస్తుంది.

ఇక మీలో ఎవరైనా వేంసూరు రోడ్డు వైపో, పెనుబల్లి వైపో, అశ్వారావుపేట దారిలోనో ప్లాటు కొనుక్కుని ఉంటే ఒక్క మాట. మీ హద్దులోనో, గోడ వరసలోనో పాత మామిడిచెట్టు ఒకటి ఇంకా మిగిలి ఉండొచ్చు. అది ఏ రకమో ఊళ్ళో పెద్దవాళ్ళని పిలిచి అడగండి, కాయ చూడకుండానే ఆకు నలిపి చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. రసమే అయితే, దయచేసి ఇంటి ప్లాను గీయించేటప్పుడే ఆ చెట్టుని కూడా కాగితం మీద వేయించండి. గోడ కాస్త లోపలికి జరుపుకోమని మేస్త్రీకి చెప్పండి.