మూలనున్న టెలివిజను, మెడనొప్పి

ఇంటిలో టెలివిజను ఎక్కడ పెట్టుకోవాలన్నది ఒక వైద్యుడు వ్రాయవలసిన విషయమా అని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది. నా భార్య ఎనిమిది మాసాల పాటు మెడనొప్పితో బాధపడి, నేను ఇచ్చిన మందులేవీ గుణమివ్వక, చివరకు దాని కారణం మా ముందుగది మూలలో దొరికిన తర్వాత నా అభిప్రాయం మార్చుకున్నాను.

పదవీ విరమణ తర్వాత మేము చేరిన అపార్టుమెంటులో హాలు పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. వీధి గుమ్మం ఒక వైపు, వంటగదికి దారి మరొక వైపు, పడకగది తలుపు, బాల్కనీకి గాజు తలుపులు పోగా, గోడ అని చెప్పుకోదగినది ఒక్కటే మిగిలింది. ఆ గోడకు దివాను వేశాము. టెలివిజనుకు దక్కినది ఆగ్నేయపు మూల. విద్యుత్తుతో నడిచే వస్తువు ఆగ్నేయంలో ఉండడమే మంచిదని వడ్రంగి కూడా సెలవిచ్చాడు. మనుమల చేతికి అందకూడదని నాలుగు అడుగుల ఎత్తు బల్ల చేయించి, దానిపై 43 అంగుళాల టీవీని ఏటవాలుగా నిలిపాము.

మూలకు పెట్టే ఈ అలవాటు పాత రోజులది. అప్పటి టీవీలలో పిక్చర్ ట్యూబు ఉండేది. దాని వెనుక భాగం పొడవుగా, పోను పోను సన్నబడుతూ ఉండడం వలన గది మూలలో చక్కగా ఇమిడేది. ఇప్పటి టీవీ పలక వంటిది. దానిని మూలకు ఏటవాలుగా పెడితే రెండు గోడల పొడవునా చెరి రెండుంపావు అడుగుల స్థలం పోతుంది. అయినను గోడలు లేని ఇళ్ళలో మనకు వేరే గతి ఉండదు.

నా భార్యకు నొప్పి మెడకు ఎడమ పక్కన మొదలై భుజం పై వరకు పాకేది. ఎక్స్‌-రే తీయించాను. మెడ వెన్నుపూసలలో అరుగుదల కనిపించింది. అరవై దాటిన వారిలో చాలామందికి, ఏ నొప్పీ లేకపోయినా, ఈ మార్పులు కనిపిస్తాయని నాకు తెలుసు. తెలిసి కూడా కారణం దొరికిందని తృప్తి పడ్డాను. తలగడ మార్పించాను, మెడకు పట్టీ వేయించాను, నొప్పి మాత్రలు ఇచ్చాను. అటువంటి మాత్రలు ఎక్కువ కాలం వాడితే జీర్ణాశయంలో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలకు హాని కలుగవచ్చు, రక్తపోటు పెరుగవచ్చు. అంతవరకు అదుపులో ఉన్న ఆమె రక్తపోటు నిజంగానే పెరిగింది. ఇతరుల భార్యకైతే ఆ మందును అన్ని వారాలు వ్రాసి ఉండేవాడిని కాదు.

ఇంతలో ఆమె విశాఖపట్నంలోని చెల్లెలి ఇంటికి వెళ్ళి మూడు వారాలు ఉండి వచ్చింది. అక్కడ ఉన్నన్నాళ్ళూ నొప్పి లేదు, ఒక్క మాత్ర వేసుకోలేదు. సముద్రపు గాలి పడిందన్నాను. తిరిగి వచ్చిన పది రోజులకే నొప్పి మళ్ళీ మొదలైంది. బాధ ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో రోగిని తప్పక అడగమని ఆసుపత్రిలో చిన్న డాక్టర్లకు ఏళ్ళ తరబడి చెప్పిన నేను, ఆ రెండు ప్రశ్నలు మా ఇంట్లో అడగలేదు.

ఒకనాటి సాయంత్రం ఆమె గుడికి వెళుతూ పొయ్యి మీద పాలు పెట్టి, పొంగకుండా చూడమన్నది. వంటగది కనిపించే చోటు దివానుపై ఆమె రోజూ కూర్చునే చివర ఒక్కటే. అక్కడ కూర్చొని వార్తలు చూడబోయాను. టీవీ నాకు ఎడమకు, లంబకోణంలో సగం దూరం పక్కకు ఉన్నది. అది చాలదన్నట్లు తల పైకెత్తి చూడవలసి వచ్చింది. బాల్కనీ వెలుగు తెర మీద పడి సగం బొమ్మ కనిపించలేదు. పావుగంటలో నా మెడ పట్టేసింది. టీవీకి తిన్నగా ఎదురుగా ఉన్న వాలుకుర్చీ మూడేళ్ళుగా నాది.

ఆమె తిరిగి రాగానే, "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"పొయ్యి మీద ఒక కన్ను ఉండాలి కదండీ. ఆ కుర్చీ మీది కదా," అన్నది.

శరీరంలో జరిగేది ఇది. మన తల బరువు సుమారు ఐదు కిలోలు. అది వెన్నుపై తిన్నగా నిలిచినపుడు మెడ కండరాలకు శ్రమ తక్కువ. తలను ఒక పక్కకు త్రిప్పి గంటల కొలది ఉంచితే కొన్ని కండరాలు విడుపు లేకుండా బిగిసి ఉంటాయి. వాటికి రక్తప్రసారం తగ్గి నొప్పి కలుగుతుంది. తల పైకెత్తి చూసినపుడు వెన్నుపూసల మధ్య నాడులు వెలువడే రంధ్రాలు ఇరుకవుతాయి. వయసు వలన అవి ముందే ఇరుకై ఉన్నవారికి నొప్పి చేతిలోకి ప్రాకవచ్చు. కళ్ళకూ ఇబ్బందే. తెర చూసేటప్పుడు రెప్పలు ఆర్పడం తగ్గుతుంది. పైకి చూస్తే రెప్పలు ఎక్కువగా తెరుచుకొని కన్నీరు త్వరగా ఆరిపోతుంది. ప్రోగ్రెసివ్ కళ్ళద్దాల అంచుల నుంచి చూస్తే బొమ్మ మసకగా ఉంటుంది కనుక, అవి ధరించేవారు మెడను ఇంకా ఎక్కువ త్రిప్పుతారు.

మేము టీవీని మూల నుంచి కదల్చలేదు, కదల్చడానికి చోటు లేదు. మనుషులనే కదిల్చాము. రెండు కుర్చీలను మూలకు అభిముఖంగా, పక్కపక్కన వేశాము. వంటగది కనిపించే కుర్చీ ఆమెది. బల్ల కాళ్ళు కోయించి రెండు అడుగులకు తగ్గించాము. కూర్చున్న వారి కళ్ళ ఎత్తుకు తెర మధ్యభాగం సమంగా గాని, కొంచెం దిగువన గాని ఉండడం మేలు. బాల్కనీకి ముతక పరదా వేశాము. మాత్రలు మానిపించి మెడ వ్యాయామాలు చేయించాను. ఆరు వారాలకు నొప్పి దాదాపు పోయింది, రక్తపోటు మునుపటి స్థాయికి వచ్చింది.

బల్ల తగ్గించే ముందు నేను జంకిన మాట నిజం. నేను తాలూకా ఆసుపత్రిలో పని చేసే రోజులలో ఒక రాత్రి రెండేళ్ళ బిడ్డను తెచ్చారు. టీపాయి మీద ఉన్న 21 అంగుళాల టీవీ తీగను పట్టి లాగితే అది తల మీద పడింది. ఆ బిడ్డ దక్కలేదు. తండ్రి ఆ తీగను విడువకుండా చేతిలో పట్టుకొనే వచ్చాడు. నేటి టీవీలు తేలికైనా, వాటి పాదాలు సన్నవి కనుక సులభంగా ముందుకు ఒరుగుతాయి. అందువలన మా టీవీని గోడకు మేకులతో, పట్టీలతో బిగించాము. తీగలను బల్ల వెనుకకు కట్టాము. అవి కాళ్ళకు తగిలితే వృద్ధులు పడి తుంటి ఎముక విరుగుతుంది.

మరికొన్ని మాటలు. తెర కొలతకు ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్ల దూరంలో కూర్చుంటే చాలు. 43 అంగుళాల టీవీకి అది ఐదున్నర నుంచి తొమ్మిది అడుగులు. దగ్గర కూర్చుంటే చూపు పోదు. కాని పిల్లలు ఎంత చెప్పినా తెర దగ్గరకే పోతూ ఉంటే కోప్పడక కంటి పరీక్ష చేయించండి, హ్రస్వదృష్టి కావచ్చు. రెండేళ్ళలోపు పిల్లలకు తెర వద్దని, ఐదేళ్ళలోపు వారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

మెడనొప్పులన్నీ టీవీ వలన వచ్చేవి కావు. నొప్పితో పాటు చేతుల్లో తిమ్మిరి, పట్టు తగ్గడం, నడకలో తూలడం, మూత్రంపై అదుపు తప్పడం, జ్వరం, బరువు తగ్గడం ఉంటే కుర్చీలు మారుస్తూ కాలయాపన చేయక వెంటనే వైద్యుని కలవండి.

ఈ సాయంత్రం మీరు రోజూ కూర్చునే చోట కాక, మీ ఇంటి ఇల్లాలో, అమ్మగారో కూర్చునే చోట పావుగంట కూర్చొని టీవీ చూడండి. మీ మెడ మీకు ఏమైనా చెబితే, వారికి ఆ కుర్చీ ఇవ్వండి.