పాతపడవకు క్రొత్త మరుగుదొడ్డి

పాఠశాలాపత్రికలో మరుగుదొడ్డిని గూర్చి వ్రాయుట కొందరికి హేయముగా తోచవచ్చును. అయినను ఇశ్రాయేలీయులు దండు వెలుపలికి పోయి గుంట త్రవ్వి మలమును కప్పివేయవలెనను విధి ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయముననే యున్నది గదా! ఎడారిలో నివసించువారికి ఒక గుదపార చాలును. నీటిపై నివసించువారికి త్రవ్వుటకు నేల లేదు; చిక్కంతయు నచ్చటనే.

పూర్వపు తెరచాప ఓడలలో గాలి సాధారణముగా వెనుకనుండియో ప్రక్కనుండియో వీచెడిది. కావున దుర్గంధము ముందునకు కొట్టుకొని పోవునట్లు ఓడ ముక్కునొద్దనే రంధ్రములుగల పీటలు అమర్చెడివారు. ఓడ శిరస్సున నుండుటచే ఆంగ్లనావికులు ఆ స్థలమును 'హెడ్' అనిరి. నేడు చిన్నపడవలోని మరుగుదొడ్డికిని అదే పేరు. పోర్ట్‌స్‌మత్ రేవులోనున్న విక్టరీ యను యుద్ధనౌకలో అట్టి పీటలను చూడవచ్చును.

అమెరికాలో మేరీలాండు రాష్ట్రమున, చెసపీక్ అఖాతముపై మేమిరువురము నడుపుకొను తెరచాప పడవ 30 అడుగుల పొడవు గలది. గాజునారతో కట్టబడి యేబదియేండ్లు కావచ్చినది. దాని మరుగుదొడ్డికి అడుగున రెండు రంధ్రములుండెను: ఒకటి సముద్రపునీరు లోనికి వచ్చుటకు, రెండవది మలజలము బయటికి పోవుటకు. 1972వ సంవత్సరపు పరిశుద్ధజల చట్టము ననుసరించి తీరమునకు 3 మైళ్లలోపల శుద్ధిచేయని మలజలమును విడువరాదు. అఖాతమంతయు ఈ యెల్లకు లోబడినదే. చట్టము లేకున్నను సంగతి స్పష్టము. అఖాతము చూపునకు సముద్రమువలె నున్నను దాని సగటు లోతు 21 అడుగులే. అందు పెరుగు ఆల్చిప్పలు నీటిని వడగట్టి ఆహారము తీసికొనును. నీటిలోని రోగక్రిములు వాని మాంసమున చేరును. వానిని పచ్చిగా తినువారు అచ్చట పెక్కుమంది.

మొదట మమ్ము ఈ పనికి పురికొల్పినది చట్టము కాదు, వాసన. ఎంత కడిగినను పోదు. వేడినీటిలో తడిపిన గుడ్డను గొట్టమునకు చుట్టి, చల్లారిన పిమ్మట వాసన చూచితిమి, గుడ్డయు కంపుకొట్టెను. అనగా గొట్టము ఎచ్చటను చిల్లిపడకయే దుర్గంధము దాని రబ్బరుగుండ ఊరి వచ్చుచున్నది. కోసి చూడగా ఒకటిన్నర అంగుళముల గొట్టములో బొటనవ్రేలు పట్టునంత సందు మాత్రమే మిగిలియుండెను. మూత్రమును ఉప్పునీరును కలియుటచే సున్నపురాయివంటి పెచ్చు కట్టును. ఇంకొక విచిత్రము: కంపులో కొంత భాగము మలమువలన పుట్టినది కాదు. లోనికి వచ్చు గొట్టములో నిలిచిన సముద్రపునీటియందలి సూక్ష్మజీవులు చచ్చి క్రుళ్లుటచే పుట్టినది. నెపము మాత్రము పాపము ఎప్పుడును రెండవ గొట్టముదే.

బయటికి పోవు రంధ్రమును ఏమి చేయవలెనని మాలో వాదము పుట్టెను. దూరపు సముద్రయానమునకు పనికివచ్చును, ఉండనిమ్మని ఒకరు; మనము పోవునది అఖాతములోనే గదా, మూసివేయుదమని మరియొకరు. నీటిమట్టమునకు రెండడుగుల క్రింద ఒకటిన్నర అంగుళముల రంధ్రము తెరచుకొనిన, నిమిషమునకు 100 లీటర్లకు మించి నీరు లోనికి వచ్చునని కాగితముపై లెక్కకట్టిన పిమ్మట వాదము ముగిసెను. పడవను గట్టుపై నిలిపి, పాతకవాటమును ఊడదీసి, రంధ్రము చుట్టును గోడమందమునకు 12 రెట్లు వెడల్పుగా అంచును వాలుగా అరగదీసి, గాజుబట్టను పొరపై పొరగా ఎపాక్సీ జిగురుతో అంటించి పూడ్చితిమి. ఇది మిక్కిలి విసుగుపుట్టించు పని. దుమ్ము ఒడలెల్ల దురదపెట్టును.

మిగిలిన రంధ్రమే అసలైన భయము. కిరసనాయిలు డబ్బాలో రబ్బరుగొట్టము ముంచి, ఒకమారు పీల్చి వదలిన, నూనె తనంతట తానే క్రిందికి కారుట చూచినవారికి ఇది తెలియును. మరుగుదొడ్డి గిన్నె సముద్రమట్టముకంటె క్రింద నుండును. పంపులోని చిన్న రబ్బరుమూతలో ఒక వెండ్రుక ఇరుకుకొనిన చాలును. పడవలోనివారు నిదురించుచుండగా సముద్రము గిన్నెలోనికి, గిన్నెనుండి పడవలోనికి కారుచునే యుండును. అట్లు రేవులోనే మునిగిన పడవలు కలవు. 1945 ఏప్రిల్ 14వ తేదీన స్కాట్లండు తీరమున యూ-1206 అను జర్మను జలాంతర్గామి ఈ మరుగుదొడ్డి కవాటములవలననే నీటపాలయ్యెను. ఆ నీరు క్రిందనున్న బ్యాటరీలను తాకి విషవాయువు పుట్టగా, అది పైకి తేలి శత్రువిమానములకు చిక్కినదట.

దీనికి విరుగుడు అతి స్వల్పము. పంపునకును గిన్నెకును నడుమ గొట్టమును, పడవ ఎంత ఒరగినను నీటిమట్టమునకు పైననే యుండునట్లు, వంపుగా ఎత్తికట్టి, శిఖరమున గాలి చొరబడుటకు ఒక చిన్న మూత నమర్చవలెను. గాలి చొరబడగానే ధార తెగును. ఆ మూతలో ఉప్పు పేరుకొనును గనుక అప్పుడప్పుడు మంచినీట కడుగవలెను.

తక్కినపని త్వరగానే సాగెను. 57 లీటర్ల తొట్టిని పడక క్రింద బిగించి, క్రొత్తగొట్టములను వేడినీట మెత్తపరచి ఎక్కించి, కొసకు రెండేసి తుప్పుపట్టని పట్టీలు వేసితిమి. తొట్టి నిండగానే రేవులో పంపుతో లాగివేయుదురు. అట్టి పంపుస్థలములకై 1992వ సంవత్సరపు చట్టముక్రింద ప్రభుత్వము ధనసహాయము చేయుచున్నది. పడవను విడిచిపోవునప్పుడెల్ల లోనికి వచ్చు గొట్టమును మంచినీటితో నింపి పోవుచున్నాము.

పడవను నీట దింపిన దినమున కవాటమును తెరచి, ప్రతి అతుకుక్రిందను పొడికాగితము పరచి, గంటసేపు మాటలాడక కూర్చుంటిమి. కాగితములు తడియలేదు. పిమ్మట పంపు పిడికి ఎదురుగా, వాడిన వెంటనే కవాటము మూయవలెనని తెలుగునను ఇంగ్లీషునను వ్రాసి అంటించితిమి.