శుక్లపక్షము – కృష్ణపక్షము

తెరకు పగలు వెలుగు థీమును, రాత్రి చీకటి థీమును తనంతట తానే మార్చే ఏర్పాటు 2025లో వచ్చిన కేడీఈ ప్లాస్మా 6.5లో ఉన్నది. ఏ థీము ఏ పక్షమో మాత్రం మనమే తేల్చవలె.

పేరు చూసి తేల్చరాదు. బహుళ పాడ్యమినాటి వెన్నెల దాదాపు నిండుగానే ఉంటుంది, పేరు కృష్ణపక్షము! అక్షరాల వెనుకనున్న నేలరంగునే చూడవలె. దాని ప్రకాశపు లెక్కలో ఆకుపచ్చకు సుమారు 72 పాళ్ళు, ఎరుపుకు 21, నీలానికి 7. కనుక చిక్కని నీలము ఎంత మెరిసినా చీకటి వర్గమే.

మా హసన్‌పర్తిలో జూన్ చివరి పొద్దు డిసెంబరు మొదటి పొద్దుకంటె గంటకు పైగా ఆలస్యంగా గుంకుతుంది. అందుచేత మార్పును గడియారానికి గాక సూర్యాస్తమయానికి ముడివేయుట మేలు.

అయినా, నల్లని నేలపై తెల్లని అక్షరాలు చెదిరి, అరవై దాటిన నా కంటికి థకార ధకారాల భేదము తెలియదు. చదివేవేళ, రాత్రి అయినా, నాది శుక్లపక్షమే.