పెంబర్తిలో రేకు చప్పుడు

పెంబర్తికి నేను కొలిమి చూద్దామని వెళ్లాను. మూసలో మరిగే లోహం, నిప్పురవ్వలు, ఆ హడావిడి ఏదో ఉంటుందని ఊహ. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో, జనగామ ఇంకా రాకముందే దిగి ఓ ఇంటి వాకిట్లోకి వెళితే, ఓ పెద్దాయన చాప మీద కూర్చుని రేకు మీద సన్న ఉలితో టిక్కుటిక్కుమని కొడుతున్నారు. అంతే.

"పోత పోసుడు మాది కాదు సారూ. మాది రేకు పని" అన్నారు, తలెత్తకుండానే.

కాకతీయుల కాలంలో రథాలకూ గుళ్లకూ తొడుగులు చేసిన పని ఇదని చెబుతారు. నిజాం జమానాలో పాన్‌దాన్లు, అత్తరు బుడ్లు. ఇప్పుడు ధ్వజస్తంభం తొడుగులు, గుడి తలుపులు, వాటితోపాటు సభల్లో ఇచ్చే జ్ఞాపికలు. వాకిట్లో ఓ పక్క మకరతోరణం సగం పనిలో ఉంది. దాని పక్కనే ఎవరికో ఇవ్వాల్సిన షీల్డు. షీల్డే ముందు పూర్తయ్యేలా ఉంది.

రేకు బజారు నుంచే వస్తుంది. గేజుల్లో కొంటారు, గేజు నంబరు పెరిగేకొద్దీ రేకు పలచన. ఇత్తడంటే రాగిలో తుత్తునాగం కలిపినదే. మామూలు పసుపు రేకులో మూడింట రెండొంతుల దాకా రాగి ఉంటుంది. రాగి పాలు పెరిగితే రంగు ఎరుపుకి తిరుగుతుంది. ఆయన పాత చెంబొకటి తెచ్చి కొత్త రేకు పక్కన పెట్టారు. తేడా నాకూ తెలిసింది.

ఆయన రేకు కింద ఉన్న నల్లటి ముద్ద సంగతి అప్పుడు అడిగాను. లక్కలో ఇటుక పొడి, కాస్త నూనె కలిపి కాచినదట. రేకును దాని మీద అంటించి కొడితే, ముద్ద దెబ్బకు తగ్గట్టు లొంగుతుంది కానీ రేకును చిరగనివ్వదు. వెనక నుంచి కొట్టి ఉబ్బెత్తు తీస్తారు. లక్కను వేడిచేసి రేకు ఊడదీసి, తిప్పి అంటించి, ముందు నుంచి ముక్కూ కళ్లూ నగలూ దిద్దుతారు.

నేను చూడాలనుకున్న నిప్పు కూడా ఉంది, కానీ కరిగించడానికి కాదు. ఇత్తడిని కొట్టేకొద్దీ అది బిరుసెక్కుతుంది. అప్పుడు ఎర్రబడేదాకా కాల్చి మళ్లీ మెత్తబరచాలి. ఆయన కాలిన రేకును పట్టకారుతో తీసి నీళ్లలో ముంచారు. చుయ్యిమంది. గట్టిపడి ఉంటుందనుకున్నాను, కమ్మరి ఉక్కు కొడవలిని కాల్చి ముంచేది గట్టిపడాలనే కదా! ఆయన దాన్ని చేత్తో అట్టముక్కలా వంచి చూపించారు. రాగికీ ఇత్తడికీ ఆ ధర్మం లేదు, కాల్చాక నీళ్లలో ముంచినా మెత్తగానే ఉంటాయి. ఇన్నేళ్లుగా మా ఇంట్లో ఇత్తడి బిందెలు తోముతూ ఈ సంగతి నాకు తెలియదు.

తోమడమంటే చింతపండే. ఆ పులుపు చిలుమును కరిగిస్తుంది. అదే పులుపు గిన్నెనూ తింటుంది కాబట్టే, పులుసు కాచే ఇత్తడి గిన్నెకు లోపల తగరంతో కళాయి వేయించేవారు. ఇప్పుడు జ్ఞాపికల మీద లక్కర్ కొడతారట, తోమే పనే లేకుండా. ఆ మాట ఆయన పెద్ద ఇష్టంగా చెప్పలేదు.

"బిరుసెక్కిందని ఎట్ల తెలుస్తది తాతా?"

"చప్పుడు మారుతది. ఇను."

సుత్తి నాకిచ్చారు. రేకులో ఓ మూల ముక్క మీద కొట్టాను. మొదట మొద్దుగా, దబ్ దబ్‌మంది. కొడుతూ పోయాను. కాసేపటికి ఎక్కడో సన్నగా, కీచుగా ఓ జీర వినపడ్డట్టయింది. నేను చెయ్యి ఆపేలోపే ఆయన అందుకున్నారు:

"ఇంకో దెబ్బేస్తే చిరుగుతది."

రేకు లాక్కుని నిప్పుల మీద పెట్టారు.