ఎక్సైజు: పన్నా, కోతా?

పార్వతీపురం కొండల్లో ఎక్సైజు అన్న మాటకు అర్థం ఎవరూ నిఘంటువులో వెతకరు. జీపు వస్తే తెలిసిపోతుంది. సారా ఊట నేలపాలు చేసేవాళ్ళు "ఎక్సైజోళ్ళు", అంతే. అందుకే మా వీధి డిగ్రీ కుర్రాడు ఏదో వైద్యవ్యాసంలో గడ్డను "ఎక్సైజ్" చేశారని చదివి, "గడ్డక్కూడా పన్నేటండి మాస్టారూ?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, అడగాల్సిన ప్రశ్నే.

అవి రెండు వేరు మాటలు. కోసి తీసేయడమనే క్రియ లాటినుది. పన్ను మాత్రం డచ్చి వాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. పన్నంటే ఊనిక మొదటి అక్షరం మీద, కోతంటే రెండోదాని మీద. డచ్చిలో ఆ పన్ను పేరు మొదట వేరుగా ఉండేదనీ, లాటిను కోత మాట ప్రభావంతోనే ఇలా మారి ఉంటుందనీ పండితుల ఊహ. మనకూ ఇలాంటి జంట ఉంది. నోట్లో పన్ను బహువచనంలో పళ్ళవుతుంది, సర్కారు పన్ను పన్నులవుతుంది. (పీకడం రెండింటికీ సరిపోతుందనుకోండి.)

మన కచేరీల్లో మాత్రం దానికి అబ్కారీ అని పారశీ పేరు. ఆబ్ అంటే నీరు, కారీ అంటే పని. ఎంత అమాయకమైన పేరో! ఆ నీళ్ళపనే 1879లో గోదావరి మన్యంలో రంప పితూరీకి ఒక ముఖ్యకారణం. కల్లు హక్కును కాంట్రాక్టర్లకు కట్టబెట్టి, ఇంట్లో తాగడానికి గీసుకున్నా పైకం కట్టమన్నారు. మన్సబుదారు చిగురుపన్ను దానికి తోడు. తాతలనాటి నుంచీ గీసుకుంటున్న చెట్టు ఒక్క కాగితంతో పరాయిదైపోయింది. పన్ను సంగతి తర్వాత, ముందు చెట్టు నుంచి మనిషిని కోసి పక్కన పెట్టారు. రెండర్థాలూ అక్కడ కలిశాయని నాకనిపిస్తుంది. ఏడేళ్ళకు, 1886లో, మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది.

2017లో జి.ఎస్.టి. వచ్చాక కేంద్ర ఎక్సైజు సుంకం చాలా సరుకుల మీద పోయింది. తాగే మద్యం మీద పన్ను మాత్రం రాష్ట్రాల చేతిలోనే ఉండిపోయింది. ఆ రాబడి వదులుకోవడం ఏ ప్రభుత్వానికీ తేలిక కాదు. దూబగుంట ఆడవాళ్ళు రగిల్చిన ఉద్యమంతో 1995లో మద్యనిషేధం వచ్చింది గానీ, 1997లోనే సడలించేశారు. నిషేధం పోయినా పేరు పోలేదు. మద్యాన్ని మాన్పించాల్సిందీ, దాని మీద పన్ను రాబట్టాల్సిందీ ఒకటే శాఖ. బోర్డు మీద "మద్యనిషేధ, అబ్కారీ శాఖ" అని రెండు పనులూ పక్కపక్కనే రాసి ఉంటాయి.