రహీం సాబ్ ఎడమకాలు ఆట

పోయినేడాది నా కుడి మోకాలి లిగమెంట్ తెగింది. ఆట బంద్. జహనుమాలో మా గల్లీ పోరగాళ్లు మాత్రం నన్ను వదల్లేదు. "ఆడకుంటే ఏంది భయ్యా, కోచ్‌గా నిలబడు" అన్నారు. అట్లా పందొమ్మిదేళ్లకే మేనేజర్నయిపోయాను.

నాకొచ్చిన కోచింగంతా టీవీలో ప్రీమియర్ లీగ్ చూసి నేర్చుకున్నదే. గార్డియోలా లాగా చేతులు ఊపేవాణ్ణి, అరిచేవాణ్ణి. వాళ్లు రెండు రోజులు విన్నారు. మూడో రోజు ఎవరి ఆట వాళ్లదే.

ఆ టైంలోనే 'మైదాన్' సినిమా చూశాను. అజయ్ దేవ్‌గణ్ వేసిన పాత్ర సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదీ అని నాకు అప్పటిదాకా తెలీదు. ఇంగ్లండ్ క్లబ్బుల మేనేజర్ల పేర్లు వరసగా చెప్పగలను, మన ఊరి పేరొక్కటి తెలీదు. సిగ్గనిపించి, దొరికిందల్లా చదివాను.

1909లో పుట్టిన రహీం సాబ్ ఉస్మానియాలో చదివారు, ఆడారు, బడిలో పాఠాలు చెప్పారు. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ కొట్టింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. నాలుగేళ్లకి మెల్‌బోర్న్‌లో అదే ఇండియా సెమీఫైనల్ ఆడి నాలుగో స్థానంలో నిలిచింది. రెండింటికీ కోచ్ ఆయనే.

నన్ను పట్టుకున్నది మాత్రం 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మీద 2-0తో ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇప్పుడైతే ఏ డాక్టరూ ఒప్పుకోడు గానీ, రహీం సాబ్ ఆయన్ని బయట కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి పంపారు. ఫైనల్లో మళ్లీ కొరియానే. స్టేడియం అంతా ఇండియాకి వ్యతిరేకంగా అరుస్తోంది. పీకే బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. 2-1, స్వర్ణం. అప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు.

ఇంకో సంగతి కూడా చదివాను. ఆటగాళ్లు బలం తక్కువున్న కాలితోనే ఆడాలని ఆయన పోటీలు పెట్టేవారట. మర్నాడు సాయంత్రం మా పోరగాళ్లకి చెప్పాను: "ఈరోజు అందరూ ఎడమకాలితోనే. కుడికాలు తగిలితే ఫౌల్."

"క్యా భాయ్, మజాకా?" అన్నారు. నిజంగానే మజాకయింది. బంతి ఒకవైపు, వీళ్లు ఒకవైపు. ఎప్పుడూ చివర్లో మిగిలిపోయి గోల్‌లో నిలబడే పిల్లాడొకడున్నాడు. వాడు మెల్లగా బంతి తీసుకుని బయటికొచ్చాడు. ఒకణ్ణి దాటాడు, ఇద్దర్ని దాటాడు, గోల్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

"చీటింగ్ భయ్యా! వాడిది ఎడమకాలి వాటం!" అని అందరూ నా మీద పడ్డారు.

తప్పు నాదే. రహీం సాబ్ లెక్క ప్రకారం వాడు కుడికాలితో ఆడాలి. కానీ రెండేళ్లుగా రోజూ చూస్తున్న పిల్లాడి వాటం ఏదో నేను గమనించనే లేదు. మూడో గోలయ్యాక వాడు నా వైపు చూశాడు, మళ్లీ గోల్‌లోకి పొమ్మంటానేమో అని.

పొమ్మనలేదు. ఇప్పుడు మా గల్లీలో రోజూ ఒకటే లొల్లి, గోల్‌లో ఎవరు నిలబడాలని.