కోడెతో పుట్టిన పెయ్య

చింతామణి తాలూకాలో మాది డైరీకి పాలు పోసే ఇల్లు. మా సీమావు ఒకసారి కవలలు ఈనింది, ఒక కోడె, ఒక పెయ్య. కోడెను ఇచ్చేసి పెయ్యను ఉంచుకున్నాము. బూసా, ఉలవలు, పచ్చగడ్డి, దేనికీ తక్కువ చెయ్యలేదు. రెండున్నరేళ్ళు దాటినా ఎదకు రాలేదు. అవ్వ మా అమ్మనే అనేది: “దూడకు పాలు విడవకుండా అంతా డైరీకి పోసినావు, అందుకే గొడ్డైంది.”

అమ్మ ఎదురు చెప్పేది కాదు. మేము కన్నడ మీడియంలో చదివినోళ్ళం. గొడ్డు అనే మాటకు అక్కడా ఇక్కడా ఈ అర్థం ఒకటే. కొట్టంలో పశువును అన్నా, ఇంట్లో ఆడవాళ్ళకు తగిలే మాట అది.

చివరికి పశువుల డాక్టరు వచ్చి చెయ్యి పెట్టి చూసి, గర్భసంచి పెరగనే లేదన్నారు. ఆయన అడిగింది ఒక్కటే, “ఇది కోడెతో కలిసి పుట్టిందా?”

ఆవు చూడి దాదాపు 280 రోజులు. మొదటి నెలంతా లోపలున్నది కోడో పెయ్యో అవయవాలు చూసి చెప్పలేము. ఏ పిండంలోనైనా ఒకే రకం మొగ్గ ఉంటుంది, దాని పక్కన రెండు జతల నాళాలు ఏర్పడతాయి. ఒక జత గర్భసంచి కావలసింది, ఇంకో జత వీర్యం పోయే దారి కావలసింది. 40వ రోజు ప్రాంతంలో మగపిండంలో ఆ మొగ్గ వృషణంగా మారుతుంది. అక్కడినుంచి వచ్చే ఒక హార్మోను గర్భసంచి నాళాలను కరిగించేస్తుంది, ఇంకోటి మగ నాళాలను నిలబెడుతుంది. ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ జోస్ట్ 1940ల్లో కుందేలు పిండాలమీద ప్రయోగాలు చేసి దీన్ని తేల్చినారు.

ఆవు కవలల్లో చిక్కేమిటంటే, రెండు మావుల రక్తనాళాలు చాలాసార్లు కలిసిపోతాయి. కోడె హార్మోను పెయ్యలోకీ పారుతుంది. దాని గర్భసంచి నాళాలు ఎదగవు, అండాశయాలు కుంచించుకుపోతాయి. కోడెతో పుట్టిన పెయ్యల్లో నూటికి 90కి పైగా ఇట్లే అవుతాయి. అమెరికాలో ఫ్రాంక్ లిల్లీ 1916లోనే ఈ రక్తం కలయిక సంగతి రాసినారు. మా ఊరికి చేరేసరికి నూరేళ్ళు!

సాఫ్ట్‌వేర్ టెస్టింగులో మేము రోజూ చూసేదే ఇది. తప్పు పడేది ఎక్కడో మొదట్లో, మాట పడేది చివర ముట్టుకున్నవాళ్ళకు. అమ్మ ఆ దూడకు పాలు విడిచిందా లేదా అన్న లెక్కే దీనికి లేదు. అది పుట్టేందుకు ఏడెనిమిది నెలల ముందే అయిపోయిన పని.

అవ్వకు కాగితంమీద బొమ్మ గీసి చెప్పినాము. చాలాసేపు చూసింది. మళ్ళీ ఆ మాట అనలేదు, అమ్మతో ఇంకేమీ అననూ లేదు.

మీ ఊళ్ళలో ఇంకా ఆవులున్నవాళ్ళు ఇది ఇంట్లో చెప్పండి. కోడె, పెయ్య కలిసి పుడితే కొన్ని వారాల్లోనే డాక్టరుకు చూపించండి. సన్నని, మొద్దు మొన ఉన్న గొట్టంతో లోపలి దారి పొడవు కొలుస్తారు. ఇట్లాంటి పెయ్యకు ఆ దారి బాగా పొట్టిగా ఉంటుంది. రక్తపరీక్షలోనూ తెలుస్తుంది, కోడె కణాలు దాని రక్తంలో కనిపిస్తాయి. మేకలు, గొర్రెలు కవలలు ఈనడం మామూలే, వాటిలో ఇది చాలా అరుదు. ఆవుకు రెండూ పెయ్యలే పుడితే ఈ భయం లేదు.